ఎకరమంత పేరు

నెల్లికుదురులో రఘునాథ్ దొర ఇంట యాకయ్య నలభై ఏళ్లు పాలేరుగా జీతమున్నాడు. అన్నేళ్లలో అతణ్ని నిండు పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. దొరకు యాకిగాడు, దొరసానికి యాకిగాడు, మొన్న మొన్న మాటలు నేర్చిన వాళ్ల మనవడికీ యాకిగాడే. ఎవరు పిలిచినా, మీ బానిసను అన్నట్టు "బాంచెన్, వస్తున్న" అని పరుగెత్తాలి.

ఒక ఆదివారం హరిజనవాడలోని చర్చిలో దయాకర్ పాస్టరు బైబిలు చదువుతున్నాడు. దేవుడు యాకోబును పేరు పెట్టి పిలిచి, భయపడకు, నువ్వు నావాడివి అన్నాడని చెప్పగానే యాకయ్య దిగ్గున లేచి, "బాంచెన్, వస్తున్న" అన్నాడు. చర్చి అంతా గొల్లున నవ్వింది.

"నిన్ను కాదు పెద్దయ్యా. ఆయన వేల ఏండ్ల కిందటి మనిషి" అన్నాడు దయాకర్.

"మా అవ్వ యాకూబ్ సాబు దర్గల మొక్కితె పుట్టిన్నని నాకు ఆయన పేరే పెట్టింది అయ్యగారూ. గా పేరు, గీ పేరు వేరా?"

దయాకర్ నవ్వు ఆగిపోయింది. "ఒక్కటే" అన్నాడు. యాకయ్య అక్కడే కూలబడి వలవలా ఏడ్చాడు. నెల తిరక్కుండా బాప్తిస్మం తీసుకుని యాకోబు అయ్యాడు.

డెబ్బై ఆరో సంవత్సరం ఎండాకాలంలో సర్కారు భూమి పంచింది. రెవెన్యూ అధికారి గిర్దావరు పంచాయతీ ఆఫీసు ముందు బల్ల వేసుకుని జాబితా చదివాడు. "యాకిగాడు. ఒక ఎకరం."

నలభై ఏళ్లు పరాయి భూమి దున్నిన మనిషికి సొంత ఎకరం. యాకోబు బల్ల ముందుకు వచ్చాడు. "నా పేరు యాకోబు అయ్యా. గట్ల రాయుండ్రి."

పక్క కుర్చీలో ఉన్న దొర నవ్వాడు. "ఓహో, కిరస్తానీవైనవా? గీ భూమి హరిజనులకురా. కిరస్తానీలకు రాదు."

గిర్దావరు మంచివాడే. గొంతు తగ్గించి, "యాకిగాణ్నే అని ఒక్క మాట అను. వేలిముద్ర వేసి పో" అన్నాడు. భార్య నర్సమ్మ అనమన్నట్టు వెనక నుంచి వీపులో పొడిచింది.

నలభై ఏళ్ల అలవాటు కదా, ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. మింగేశాడు.

"యాకోబునయ్యా."

ఎకరం దొర చెప్పినవాడికి పోయింది.

నర్సమ్మ దారంతా తిట్టింది. "పేరు వండుకొని తింటవా? పిలిచిన దేవుడు పిడికెడు మన్నిచ్చిండా?" ఆమె అన్నది నిజమే.

మర్నాడు దొర పశువుల కొట్టంలో పెండ తీయడానికి పోతే, అరుగు మీంచి దొర ఎకసెక్కంగా, "ఏం యాకోబూ, దయచేసినవా?" అన్నాడు. పాలేర్లు పళ్లికిలించారు. వెక్కిరింతకైనా సరే, ఆ నోట నిండు పేరు రావడం అదే మొదలు.

బాంచెన్ అనబోయి యాకోబు ఆగాడు.

"వచ్చిన" అని గంప అందుకున్నాడు.