నీడ పడని తోపడా

పొద్దున్నే నేను చేసే మొదటి పని మా ఆయన మంచం కింద పెట్టిన స్టీలు గ్లాసు కడగడం. ఖైనీ నమిలి అందులోనే ఉమ్ముతాడు. అడుగున నల్లగా, బంకలాగా పేరుకుని ఉంటుంది. ముఖం పక్కకు తిప్పుకుని పారబోసి, పీచుతో రుద్దుతాను. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఆ గ్లాసు ఆయన కడగలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నేను ఉమ్మిందే గదా, విషమా ఏంది" అన్నాడు. ఆ ఎంగిలి నా వేళ్లకు అంటితే మైల కాదు. నెలకు మూడు రోజులు మాత్రం నా వేళ్లే మైల.

ఆ మూడు రోజులూ ప్రొద్దుటూరులోని మా ఇంట్లో నాకు వెనక వసారాలో చాప, విడిగా పళ్లెం, విడిగా చెంబు. అన్నం గిన్నె ముట్టుకోకూడదు. పనిముట్ల గది గడప కూడా దాటకూడదు. "మనం వడ్లోళ్లం. ఉలి, బాడిశ, తోపడా అన్నీ మనకు దేవుళ్లే. వాటి పక్క చూడాకు" అని మా అత్త అలివేలమ్మ నెలనెలా చెబుతుంది, నేను ప్రతిసారీ కొత్తగా మరిచిపోతానేమో అన్నట్టు.

తోపడా అంటే చెక్కను నున్నగా చిత్రిక పట్టే పనిముట్టు. పులివెందులలో మా నాయన గంగులయ్య తన తోపడాలు తనే చెక్కతో చేసుకునేవాడు. అంగట్లో దొరికే ఇనుప తోపడా ఆయనకు నచ్చేది కాదు. నల్లతుమ్మ మొద్దును రెండేళ్లు నీడలో ఆరబెట్టి, మూరెడు దిమ్మె కోసి, బ్లేడు కూర్చోవడానికి ఏటవాలుగా తొలిచి, అడుగున సన్నగా నోరు తెరిచేవాడు. "నోరు పెద్దదైతే చెక్క పెచ్చులు లేస్తాది. చిన్నదైతే పొట్టు ఇరుక్కుంటాది. నీ గోరు మందం సూసుకోమ్మే" అని నా చిటికెన వేలు పట్టుకుని ఆ సందులో పెట్టి చూపించేవాడు. నాకు నేర్పింది కొడుకు లేక కాదు. మా అన్న ఉన్నాడు. నా చెయ్యి కుదురైనదని నేర్పాడు.

మా ఆయన హరినాథ్‌కు తోపడా చేయడం రాదు. ఆయనవన్నీ మిషన్లే. తలుపులు, మంచాలు కోస్తాడు, ఇంటికొచ్చి నడుము పట్టేసిందంటాడు. పెళ్లయిన కొత్తలో ఊసుపోక నేనొక తోపడా చేశాను. అది చూసి ఎవరో అడిగారు, తర్వాత ఇంకెవరో. ఇప్పుడు బెంగళూరు నుంచి కూడా ఫోన్లు వస్తాయి. అన్నం ఉడికేలోపు దిమ్మె తొలుస్తాను. పులుసు దించి నోరు తెరుస్తాను. మా అత్త కాళ్లు పట్టాక అడుగు తిప్పి వెలుతురుకు పెట్టి, ఎక్కడైనా ఎత్తుపల్లాలున్నాయేమో చూసుకుంటాను. అన్నీ అయ్యాక ఆయన తెల్ల బనీను వేసుకుని, దాన్ని చేతిలో పట్టుకుని ఫోన్లో వీడియో తీయించుకుంటాడు. తీసేది కూడా నేనే. "ఇది మా నాయన నేర్పిచ్చిన విద్య" అంటాడు అందులో. మా మామ బతికినన్నాళ్లూ సైకిల్ షాపు నడిపాడు.

నా పేరు చెప్పకపోయినా సరిపెట్టుకున్నాను. ఇంట్లో ఏ పనికి మాత్రం నా పేరు ఉంది గనుక. కానీ మా నాయనను కూడా ఎత్తుకుపోయాడే, అది మింగుడు పడలేదు. జమ్మలమడుగు నుంచి అబ్దుల్ సత్తార్ అనే ముసలి మేస్త్రీ ఒకసారి తోపడా కోసం వచ్చాడు. దాన్ని తిరగేసి, దాని నోట్లో వేలు పెట్టి చూసి, "ఇది గంగులయ్య చెయ్యి గదమ్మా" అన్నాడు నా వైపు తిరిగి. నేను నోరు తెరిచేలోపే మా ఆయన నవ్వేశాడు. "దానికి నూనె రుద్దేది తప్ప ఏం తెల్దు మామా."

ఈ ఏడు మా కులసంఘం వాళ్లు ఒక తోపడా అడిగారు. ప్రొద్దుటూరు హాల్లో అందరి ముందు పూజ చేసి, ఊరేగింపుగా బ్రహ్మంగారి మఠానికి తీసుకుపోయి సమర్పిస్తారట. చేసేవాడు తొమ్మిది రోజులు ఒంటిపూట తిని, తలస్నానం చేసి నిష్ఠగా చేయాలి. మా ఆయన ఊరంతా విన్పించేటట్టు ఒప్పుకున్నాడు. ఆరు రోజులు దిమ్మె వైపు కన్నెత్తి చూడలేదు. ఏడో రోజు నేను బయట చేరాను.

చాప పరుచుకుంటుంటే మా అత్త వసారాలోకి వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నన్ను తాకకుండా, దిమ్మెను, ఉలిని, బ్లేడును కాలితో నా వైపు నెట్టింది. "ఎవురికీ చెప్పాకు. అయినాక పసుపునీళ్లు చల్లుకుంటాంలే" అంది.

"పనిముట్లు దేవుళ్లంటివే అత్తా."

"కట్టెకేం తెలుస్తాది. నువ్వు అన్నం గిన్నె మాత్రం ముట్టాకు."

కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపమైతే అరిచి ఏడ్చి తీర్చుకుంటాం. నాకు వచ్చింది అసహ్యం. వీళ్ల దేవుడు, వీళ్ల మడి, వీళ్ల పసుపునీళ్లు, దూరం నుంచి నా పళ్లెంలోకి జారవిడిచే అన్నం ముద్ద, అన్నీ ఆ గ్లాసు అడుగున ఉండే బంకలాగే కనిపించాయి. అయినా చేశాను. పొత్తికడుపు పిండేస్తున్నా మూడు రోజులూ కూర్చుని చేశాను. ఎందుకంటే చెడగొట్టడం నా చేతికి రాదు. అంత మంచి తోపడా నేను అంతకుముందు చేయలేదు.

పూజ రోజు హాలు నిండిపోయింది. తోపడాకు కుంకుమ పెట్టి, మల్లెదండ వేసి వేదికమీది బల్లపై పెట్టారు. నేను ఆడవాళ్ల వరసలో మా అత్త పక్కన కూర్చున్నాను. సంఘం పెద్ద ఆదినారాయణ మైకులో, "ఎట్ల చేసినావో చెప్పప్పా" అని అడిగాడు.

"తొమ్మిది దినాలు నిష్ఠతో చేసినా" అన్నాడు మా ఆయన. "మా నాయనను తలుసుకుని చేసినా. ఆడోళ్ల నీడ గూడా పడనియ్యలే."

చప్పట్లు కొట్టారు. మా అత్త కూడా కొట్టింది.

ఒక టేకు పలక తెచ్చి చిత్రిక పట్టి చూపించమన్నారు. ఇంటి నుంచి తెచ్చిన జీపు కుదుపులకు బ్లేడు లోపలికి జారినట్టుంది. ఆయన రెండుసార్లు తోశాడు, చెక్క తెగలేదు. సుత్తితో ఎక్కడ తట్టి బ్లేడును కుదర్చాలో తెలియక అటూ ఇటూ కొట్టాడు. తర్వాత నా వైపు చూసి, మంచినీళ్లకు పిలిచినట్టు వేలు ఆడించాడు. పద్నాలుగేళ్ల అలవాటు, లేచి వెళ్లాను. సుత్తి తీసుకుని రెండు చోట్ల తట్టి తోశాను. పలక ఈ కొస నుంచి ఆ కొస దాకా పల్చటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది.

"మీ ఆయన పక్కన ఉండి ఉండి నీగ్గూడా అబ్బినట్టుండాదే తల్లీ" అన్నాడు ఆదినారాయణ. హాలంతా నవ్వింది. నవ్వుతూనే మైకు నా ముందు పెట్టాడు.

చెబితే ఆ ఇంట్లో నాకు వసారాలో చాప కూడా ఉండదు. చెప్పకపోతే మా నాయన అనేవాడే ఉండడు. ఎంతోసేపు ఆలోచించలేదు.

"ఇది నేను చేసిందప్పా. నేర్పిచ్చింది మా నాయన, పులివెందుల గంగులయ్య. చేసింది నేను బయటున్న మూడు దినాల్లో. దిమ్మె తెచ్చిచ్చింది మా అత్త."

తోపడా మీదున్న ఆదినారాయణ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. ఆ చేతిని ఆయన పంచెకు తుడుచుకున్నాడు.

"దానికి మతి లేదు, నమ్మాకండి" అన్నాడు మా ఆయన.

"అట్లయితే ఇంగోటి చెయ్యి మామా. ఈడనే, అందరి ముందర. ఎన్ని దినాలైనా కూర్చుంటాం" అన్నాను ఆయనతో.

ఆయన బల్ల దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు. మా అత్త తల వంచుకుంది. ఎవరో వెనక నుంచి పసుపునీళ్లు తెమ్మన్నారు.

నేను మల్లెదండ తీసి బల్లమీద పెట్టాను. కుంకుమ కొంగుతో తుడిచాను. తోపడాను చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. దారికి అడ్డంగా నిలబడిన మగవాళ్లు గబగబా తప్పుకున్నారు. నన్ను ఆపాలంటే దాన్ని ముట్టుకోవాలి. ఒక్కడూ ముట్టుకోలేదు.