పావుగంట ముందు నడిచే నీడ

శనివారం సాయంత్రం గిన్నెలు కడిగి, వంటింటి బల్ల తుడిచి, ఆవిడ స్కేలు, పెన్సిలు, రబ్బరు ముందేసుకుని కూర్చుంది. మర్నాడు కూతుర్ని ఊరు తిప్పాలి. దానికి స్కేలెందుకని మీరడగొచ్చు. బస్సు డిపోలో పదకొండేళ్లుగా టైంటేబుళ్లు గీస్తున్న మనిషి ఆవిడ. రెండు వందల బస్సులు ఏ స్టాపులో ఎంతసేపు ఆగాలో ఆవిడ పెన్సిలు చెబుతుంది, ఊరు వింటుంది. పైనున్న మగ మహారాజులు ఆ కాగితాల మీద సంతకాలు పెడతారు, అదీ రెండు టీలు తాగాక.

గళ్లు గీసి రాయడం మొదలుపెట్టింది. 8.10 ఇంటి దగ్గర బయల్దేరుట. 8.25 డబుల్ డెక్కరు, మేడ మీద ముందు సీటు. 9.15 మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం, ఇరవై నిమిషాలు. 10.00 చెరువులో పడవ.

"ఐస్‌క్రీముకి ఎన్ని నిమిషాలు?" బల్ల మీద గడ్డం ఆనించి అడిగింది కూతురు. ఆరేళ్లది. ఇరుగూ పొరుగూ పిడుగంటారు.

"తొమ్మిది."

"నాకు కొరికేది వద్దు. నాలుకతో నాకేది కావాలి."

"అయితే పన్నెండు. మూతి తుడవడంతో కలిపి."

చివర్న 5.00 పెద్దమ్మ ఇల్లు అని రాసింది. దాని కింద గడి ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ గడిలో ఆరూ పదికి రైలుంది. ఎక్కడో కొత్త డిపో తెరిచారు, రూట్లన్నీ మొదట్నించీ వెయ్యాలి, ఏడాది పని. ఆవిడ తప్ప ఇంకెవరూ చెయ్యలేరన్నారు. అది నిజమే. "కానీ క్వార్టరు ఒంటిగది, డ్యూటీ తెల్లారి నాలుగింటికి. పిల్లతో ఎలా కుదురుతుందమ్మా?" అన్నాడు మేనేజరు. పదకొండేళ్లలో ఆయన మాట ఆవిడ నమ్మింది ఈ ఒక్కసారే. ఏడాదిపాటు పిల్లని అక్క దగ్గర వదిలేద్దామనుకుంది. పెట్టెలు ముందే అక్కింటికి పంపేసింది, పిల్లకి మాత్రం చెప్పలేదు. బస్సు రద్దయితే ప్రయాణికులకి ఆఖరి నిమిషంలో చెప్పడం డిపో అలవాటు. ఆ అలవాటే ఇంటికీ తెచ్చుకుంది.

పిల్ల తండ్రి సంగతంటారా, ఆయన నీడ కూడా ఆ ఇంట్లో మిగల్లేదు. పిల్ల నీడ మాత్రం నిక్షేపంలా ఉంది. కాకపోతే పిల్లకంటే పావుగంట ముందు నడుస్తుంది. అడుగులు నేర్చిన రోజు నుంచీ అంతే. నీడ వచ్చి బెంచీ మీద కూర్చోగానే బళ్లో టీచరు హాజరు వేసేస్తుంది. నీడ మెట్లు దిగడం చూసి, పిల్ల భయపడకుండా కింది వాటా కుట్టుమిషనావిడ కుక్కని కట్టేస్తుంది. ఒకసారి జడలేసి, బూట్లు తొడిగి బడికి తయారు చేస్తే నీడ పోయి దుప్పటి కింద దూరింది. పావుగంటకల్లా పిల్ల ఒళ్లు పెనంలా కాలింది. అప్పట్నించీ ఆవిడ నీడతో వాదించడం మానేసింది.

ఆదివారం ఏడూ యాభై ఐదుకి నీడ మెట్లు దిగింది. ఎనిమిదీ పదికి తల్లీకూతుళ్లు దిగారు. మొదటి స్టాపులో ఆగివున్న డబుల్ డెక్కరు దగ్గర కండక్టరు నవ్వాడు.

"రండి మేడం. పైన ముందు సీట్లో మీ అమ్మాయి నీడ కూర్చుంది. ఇద్దరొచ్చి అడిగారు, ఇవ్వలేదు."

పైనుంచి చూస్తే ఊరు పిల్ల ఒళ్లో పెట్టినట్టుంది. చెట్ల కొమ్మలు అద్దానికి తగిలి వెళుతున్నాయి. పెద్ద కూడలిలో బస్సు ఆగింది. ఆగే ఉంది.

"ఇంతసేపు ఎవరాపారు?"

"నేనే. బడి పిల్లలు రోడ్డు దాటాలని మూడు నిమిషాలు వేశాను."

"ఇంత పెద్ద బస్సుని నువ్వే ఆపావా?" పిల్ల తల్లిని ఎగాదిగా చూసింది. ఆ చూపులో ఉన్న గౌరవం డిపో మొత్తం కలిసి పదకొండేళ్లలో ఇవ్వలేదు. మళ్లీ వెంటనే, "మరి ఇవాళ ఆదివారం కదా. బడి పిల్లలేరీ?" అంది.

ఆ ప్రశ్న ఒక్క అధికారికీ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, ఆవిడకీ తట్టలేదు.

మ్యూజియంలోకి అడుగు పెట్టేసరికి నీడ అప్పటికే తిమింగలం కింద మఠం వేసుకుని కూర్చుంది. పిల్ల వెళ్లి దాని పక్కన కూర్చుని పక్కటెముకలు లెక్కపెట్టింది. పద్నాలుగు దగ్గర తప్పింది, మళ్లీ మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలయ్యాయి. నీడ కదల్లేదు. అంటే ఇంకో పావుగంట పిల్ల కూడా కదలదు. ఆవిడ కాగితం తీసి పడవని రబ్బరుతో చెరిపేసింది.

"మావయ్యా, ఇంత పెద్దదాన్ని ఏ తలుపులోంచి తెచ్చారు?" అని పిల్ల కాపలాదారుణ్ని అడిగింది.

ఆయన తలుపు చూశాడు, తిమింగలాన్ని చూశాడు, టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను తల్లీ. ఎప్పుడూ అనుకోలేదు."

"ముందు దీన్ని పెట్టి, తర్వాత చుట్టూ ఇల్లు కట్టుంటారు," అని తనే తేల్చేసింది పిడుగు.

ఇంత తెలివి ఏ స్టాపులో ఎక్కిందో అనుకుని ఆవిడ కూతుర్ని కళ్లారా చూసుకుంది. పెన్సిలు చెవి వెనక దోపుకుని, ఐస్‌క్రీము అయ్యేదాకా మళ్లీ తీయలేదు. దానికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది.

అక్కగారింటికి చేరేసరికి ఐదూ పది. అక్క ఆసుపత్రిలో నర్సు. మాట కూడా సూదిమందులాగే ఉంటుంది. గేటు పట్టుకుని వీధిలోకి చూస్తోంది.

"వచ్చింది, పోయింది," అంది.

"ఎవరక్కా?"

"ఇంకెవరే, దీని నీడ. పావుగంటైంది. లోపలికి రావే అన్నాను. నా కాళ్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి స్టేషను వైపు పోయింది."

"దారి తప్పిందేమో."

"తప్పితే నీ బస్సులు తప్పుతాయి. అదెప్పుడు తప్పింది? అది సరేగానీ, పిల్లకి చెప్పావా?"

"ఇప్పుడు చెబుదామని..."

"శభాష్. ఆపరేషనయ్యాక మత్తిచ్చే డాక్టరులా ఉన్నావు."

"ఏం చెప్పాలి?" అంది పిల్ల.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని అంతా చెప్పింది. కొత్త ఊరు, ఏడాది, ఒంటిగది. పిల్ల ఏడవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఒంటిగదంటే ఎంతుంటుంది?"

"మన వంటింటంత."

"మన వంటింట్లో మనిద్దరం పడుతున్నాంగా."

"తెల్లారి నాలుగింటికి నేను పోతే నీ దగ్గరెవరుంటారే?"

జవాబు అక్క దగ్గర్నించి వచ్చింది. "వారంలో సెలవు పెట్టి నేనొస్తాను, ఒక నెలుంటాను. ఈలోగా దాన్ని డిపోలో నీ పక్కనే కూర్చోబెట్టుకో. ఆ నెలలో డ్యూటీ ఎనిమిదింటికి మార్చమను. కుదరదంటే ఆ రూట్లేవో వాళ్లనే గీసుకోమను, చూద్దాం. రెండు వందల బస్సులకి గీసిన దానివి, ఒక్క పిల్లకి గియ్యలేవూ?"

ఆవిడ వీధి చివరికి చూసింది. నీడ పిల్లదే. కానీ ఆ పిల్లని స్టేషనుకి తీసుకెళ్లే చెయ్యి ఇంకెవరిది? తనదే. తను చెయ్యబోయే పని తనకంటే పావుగంట ముందు, నీడని చూసి అక్కకి తెలిసిపోయింది, అంతే. లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, పిల్ల చెయ్యి అందుకుంది.

"రాత్రికి రైల్లో దీనికి చలేస్తుంది. నీ స్వెట్టరొకటియ్యక్కా," అంది.

మర్నాడు పొద్దున, కొత్త ఊళ్లో, క్వార్టర్ల కాపలాదారు గది ఊడ్చి, ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు సర్ది తాళం వెయ్యబోయాడు. ఇంతలో చిన్న నీడ ఒకటి గడప దాటి లోపలికొచ్చింది. గదంతా తిరిగి చూసింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో కాళ్లు చాపుకుని పడుకుంది. కాపలాదారు తాళం జేబులో వేసుకుని, పక్క గదిలోంచి ఒక బుల్లి పరుపు మోసుకొచ్చాడు.

"కాస్త జరుగు తల్లీ," అన్నాడు, కిటికీ కింద పరుపు పరుస్తూ.