ఇంటి దగ్గర ఉన్న పిల్ల

"చేతులు కడుక్కుని ఇటు రా లచ్చవ్వా. ఇది చదువు. నీకు అర్థమైతే సెక్రటరీగారికి అర్థమైనట్టే."

సుందరరావు సార్ ఈ మాట అన్నప్పుడల్లా గదిలో వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. సగం తుడిచిన నేల మీద తడిబట్ట వదిలేసి, కొంగుకు చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి పోతాను.

సారుది యూనివర్సిటీ క్యాంపస్‌లో పేదపిల్లల లెక్కలు తీసే ఆఫీసు. ఏ బస్తీలో ఎంతమంది పిల్లలు బడికి పోతున్నారు, ఎంతమంది పనికి పోతున్నారు, ఎవరు పూట తిని పూట మానుతున్నారు, ఇవన్నీ ఇల్లిల్లూ తిరిగి రాసుకొస్తారు. ముందు లావు పుస్తకాలు వేసేవాళ్ళు. "రెండొందల పేజీలిస్తే పెద్దలు దాని మీద టీ కప్పు పెట్టుకుంటున్నారయ్యా" అని సారే ఆ పుస్తకాలు ఆపించారు. ఇప్పుడు అంతా ఒక్క కాగితం. బొమ్మలు, రంగులు, నాలుగు మాటలు. సచివాలయంలో రెండు నిమిషాల్లో చూసి ఏ బస్తీలో బడి పెట్టాలో, ఏ బస్తీకి అక్కర్లేదో తేల్చుకునేట్టు ఉండాలి. ఆ కాగితం అచ్చుకు పోయేముందు నాచేత చదివిస్తారు. యాభై దాటాక అక్షరాలు వచ్చినదాన్ని కనుక నేను ఎక్కడ ఆగితే అక్కడ మాట మారుస్తారు. ఒకసారి 'నిష్పత్తి' దగ్గర ఆగాను. కొట్టేసి 'పదిమందిలో ఎందరు' అని రాశారు. ఆ రోజు ఇంటికి పోయి గొప్పగా చెప్పుకున్నాను. నా కొడుకు దేవేందర్ పళ్ళెంలోంచి తల ఎత్తకుండా "చీపురు పట్టెటోళ్ళకు గీ సోకులు కూడనా" అన్నాడు.

ఆ బుధవారం కాగితం మా వైపుది. పైన 'తార్నాక చుట్టుపక్కల బస్తీలు' అని ఉంది. లోపల లాలాపేట్ అన్న మాట చూడగానే, ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఒక్క బొమ్మ అంటే వందమంది పిల్లలు. ఎర్ర బొమ్మల చేతిలో సుత్తి. వాళ్ళు హోటళ్ళలో, షెడ్లలో పనిచేసేవాళ్ళు. పసుపు బొమ్మలు బడికి పోయీ పోనివాళ్ళు. పచ్చ బొమ్మల చేతిలో పుస్తకం. ఆ పచ్చ వరుస చివర ఇంకో పచ్చ బొమ్మ ఉంది. రెండు జడల పిల్ల. చాప మీద కూర్చుంది. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కింద రాసి ఉంది: 'బడి మానేసి ఇంటి దగ్గర ఉంటున్న ఆడపిల్లలు.'

నా వేలు అక్కడ ఆగింది.

"ఏ మాట దగ్గర ఆగావు?" సార్ పెన్ను తీశారు.

"మాటలు అర్థమైనయి సార్. గీ పిల్ల చేతులు ఖాళీగున్నయి ఎందుకు?"

నవ్వారు. "బొమ్మ కదా లచ్చవ్వా."

"పచ్చరంగు ఎందుకేసిన్రు?"

"పనికి పోవట్లేదుగా! ఇంట్లో, తల్లి కళ్ళముందు ఉంటోంది. ఎరుపు ఎక్కువైతే పెద్దవాళ్ళు భయపడి కాగితం తిప్పేస్తారు. మీ వైపు పచ్చగా ఉంటే మీకే మంచి పేరు." వాచీ చూసుకున్నారు. "అర్థమైంది కదా, అదే కావాలి నాకు. నాలుగు టీలు పట్రా."

టీ నీళ్ళు స్టవ్ మీద పెట్టి గోడకు ఆనుకున్నాను. ఆ పచ్చ బొమ్మను అక్కడ కూర్చోబెట్టింది నేనే. అయిదు నెలల కింద ఒక కాలేజీ పిల్ల ట్యాబు పట్టుకుని మా గల్లీలోకి వచ్చింది. మా గుమ్మంలో నిలబడి "మీ పాప ఏం చేస్తుందమ్మా?" అని అడిగింది. మూడు గళ్ళు చూపించింది. చదువుతోంది, పని చేస్తోంది, ఇంటి దగ్గర ఉంటోంది. అప్పుడు నా మనవరాలు నవత ఒక కాలితో తమ్ముడి ఊయల ఊపుతూ, ఒళ్ళో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. పొయ్యి మీద పప్పు పొంగితే లేచి దించింది, మళ్ళీ కూర్చుంది. అదంతా చూస్తూనే నేను చెప్పాను. "పనేం లేదమ్మ. ఇంట్లనే ఉంటది."

ఆ మాట నేను పుట్టించింది కాదు. ముప్ఫై ఏళ్ళు విన్న మాట. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినా, రేషన్ కార్డువాళ్ళు వచ్చినా నా భర్త ఇన్నయ్య మంచం మీదనుంచే జవాబు చెప్పేవాడు. "ఆమెకేం పని లేదు సార్, ఇంట్లనే ఉంటది." వాళ్ళు రాసుకునేవాళ్ళు. నా ముందు చింతపండు బస్తా ఉండేది. గింజలు తీసి తీసి వేళ్ళ సందులు పుండ్లయ్యేవి. ఆ చేతులతోనే ట్యాంకర్ దగ్గర నీళ్ళు, అత్తకు మందులు, అందరికీ అన్నం. ఆయన చివరి ఆరునెలలు మంచంలో ఉంటే ఒళ్ళు తుడిచిందీ ఆ చేతులే. "ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళు ఎవరున్నారు?" అని డాక్టర్ అడిగాడు. "ఎవరు లేరు సార్, మా ఆమెనే" అన్నాడు. నేను పక్కనే దుప్పటి మార్చుతున్నాను.

నాకు అక్షరాలు నేర్పింది నవతే. ఆమె ఒకటో తరగతిలో చేరినప్పుడు నేనూ ఒకటో తరగతే. తప్పు రాస్తే మొట్టికాయ వేసేది. సందు చివర నిలబెట్టి బస్సు బోర్డులు చదివించేది. 'మౌలాలి' అని మొదటిసారి నేను ఒక్క ఊపులో చదివితే అక్కడే ఎగిరి గంతేసింది. ఆమె ఏడో తరగతిలో ఉండగా నా కోడలు శైలజకు బాబు పుట్టాడు. శైలజది నల్లకుంటలో బట్టల షాపులో చీరలు పరిచి చూపించే పని. పొద్దంతా నిలబడాలి, కూర్చుంటే ఊరుకోరు. మూడో నెలకే రమ్మన్నారు, రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. ఆమెను తప్పుపట్టలేను. దేవేందర్‌కు ఆటో, నాకు ఈ చీపురు. ఒక పొద్దున ముగ్గురం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాం. లోపల బాబు ఏడుస్తున్నాడు. నవత బ్యాగు భుజానేసుకుని ఉంది. ఆ రోజునుంచి నవత బడి మానింది. ఎవరడిగినా అలాగే చెప్పుకున్నాం. మానింది. ఆ పొద్దున ఎవరు ఏమన్నారో మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ బ్యాగులో ఇప్పుడు ఉల్లిగడ్డలున్నాయి.

బాబుకు నడక వచ్చింది. ఇక బడికి పంపుదామని నేను అంటే దేవేందర్ "మానిన పిల్లను ఏ బడోళ్ళు తీసుకుంటరే?" అన్నాడు. బడి మానినవాళ్ళకోసం బస్తీలోనే ఒక ప్రత్యేక బడి పెడతారని ఆఫీసులో విన్నాను. ఆ బడి ఎర్రగా ఉన్న బస్తీలకే ఇస్తారు.

పోయిన ఆదివారం వెంకటేశం వచ్చాడు. పిల్లలను ఇళ్ళల్లో పనికి కుదిర్చే మనిషి. తెల్లచొక్కా, మెత్తటి మాట. "పెద్ద అపార్ట్‌మెంటు అవ్వా. చంటిపాప ఉన్నది. పనేం ఉండది, ఊకె ఇంట్ల ఉంటది, వాళ్ళ బిడ్డలెక్క" అన్నాడు. నవతను నిలబడమన్నాడు. తమ్ముణ్ణి ఎత్తుకోమన్నాడు. గోళ్ళు చూశాడు. ఫోనులో ముందునుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒక ఫోటో తీశాడు. "జడలు ఇప్పి ఇంకోటి" అన్నాడు. దేవేందర్ గోడవైపు తిరిగాడు గానీ వద్దనలేదు. ఏ ఊరు అని నేను అడిగితే "నేనున్న కదనే అవ్వా" అన్నాడు. అడ్రసు అడిగితే అదే. ఫోన్ నంబరు అడిగితే అదే. పక్క గల్లీ కరుణమ్మ కూతుర్ని నిరుడు ఈ మనిషే తీసుకుపోయాడు. అడిగినప్పుడల్లా "మంచిగున్నది" అంటాడు. ఆ పిల్ల గొంతు మాత్రం క్రిస్మస్ నుంచి ఎవరూ వినలేదు. కరుణమ్మ ఇప్పుడు చర్చిలో కూడా వెనక వరుసలో కూర్చుని, అందరికంటే ముందే లేచి వెళ్ళిపోతుంది.

"శనివారం వస్త, తయారు పెట్టున్రి" అని చెప్పి పోయాడు. ఆ రాత్రి దేవేందర్ నాతో అన్నాడు. "గాడ మంచిగ తింటది. గీడుండి ఏం చేస్తున్నదే అది? ఊకనే ఉన్నది గద."

"టీ పొంగుతోందండీ."

రెబెకా. ఆఫీసులో బొమ్మలు గీసే పిల్ల. కోస్తా నుంచి చదువుకోడానికి వచ్చింది, నన్ను అండీ అని పిలిచేది ఈమె ఒక్కతే. స్టవ్ ఆపి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ఆ పచ్చమ్మాయిని గీసింది నేనే. చేతుల్లో ఏం పెట్టమంటారు?"

"ఏం పెడ్తవమ్మ! ఒక చేతిల పిల్లగాడు, ఒక చేతిల గంటె. మరి నీళ్ళ బిందె యాడ పెడ్తవు? దానికి ఇంకో రెండు చేతులు గీయాలె."

ఆమె నవ్వలేదు. "నాలుగింటికి అచ్చుకు పోవాలి. రంగు మార్చమంటే సార్ ఆధారం చూపించమంటారు. ఇంట్లో చెప్పిందే కదా మనం రాశాం అంటారు. ఆ ఇంటివాళ్ళే వచ్చి, మేం చెప్పింది తప్పు అనాలండీ. అలా ఎవరంటారు?"

నేను కప్పుల్లో టీ పోస్తున్నాను. మానేసి. ఆ మాటే లోపల తిరుగుతోంది. అన్నం మానేసింది అంటాం, అలక మానేసింది అంటాం. తనకు తాను చేసిన పనికి ఆ మాట. మానింది, మాన్పించింది. మధ్యలో రెండు అక్షరాలే తేడా. ఆ రెండు అక్షరాలు తీసేస్తే ఇల్లంతా శుభ్రమైపోతుంది, పిల్ల ఒక్కతే చెడ్డదవుతుంది.

కొంగులో ఫోన్ మోగింది. దేవేందర్ నంబరు. తీస్తే నవత గొంతు, గుసగుసగా.

"నాయినమ్మ, బాపు ఫోన్‌లకెళ్ళి చేస్తున్న. ఎంకటేశం మామ ఇయ్యాల్నే వచ్చిండు. గల్లీ మొదట్ల కారున్నది. రెండు జతలు సాలంటుండు. స్వెటర్ పెట్టుకోమంటుండు."

"స్వెటరేందే? గింత ఎండల!"

"గాడ సలి ఉంటదట. నాకు స్వెటర్ లేదు గద, అమ్మది పెట్టుకోనా? అమ్మ తిడ్తదా? నాయినమ్మ, తమ్మున్ని ఎవరికిచ్చి పోవాలె? పక్కింటికి తాళమున్నది."

"మీ బాపేడి?"

"తింటుండు. తిన్నంక పోదామన్నరు."

"కారెక్కకు. నేనొస్తున్న. నేనొచ్చేదాక తమ్మున్ని కిందికి దించకు, ఇంటున్నవా? ఎవరు గుంజుకున్నా దించకు."

అవతల ఎవరో ఏదో అన్నారు. ఫోన్ ఆగిపోయింది.

నేను మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్ వచ్చింది. క్యాంపస్ నుంచి లాలాపేట్‌కు, ఆటో దొరికినా, తార్నాక చౌరస్తా దాటేసరికి ఇరవై నిమిషాలు. దేవేందర్ అన్నం తినడానికి పది నిమిషాలు పట్టవు. వాడికి నేను పెట్టిన అలవాటే, గబగబా మింగడం.

రెబెకా అంతా విన్నది. తన ఫోన్ తీసి పిల్లల హెల్ప్‌లైన్ నంబరు నొక్కబోతూ ఆగింది. "పోలీసులు కూడా వస్తారండీ. మీ అబ్బాయి మీద కేసవుతుంది. తర్వాత మిమ్మల్ని ఆ ఇంట్లో ఉండనిస్తారా?"

"ఉండనియ్యడు. నంబరు కొట్టమ్మ."

మోగింది. ఒక ఆడగొంతు ఎత్తింది. రెబెకా స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది. కారు అని, వెంకటేశం అని, స్వెటర్ అని చెప్పాను. గుమ్మంలోకి సుందరరావు సార్ వచ్చారు. "టీ ఎంతసేపు..." అని, రెబెకా మొహం చూసి ఆగిపోయారు.

"పాప వయసెంతమ్మా?" అని ఫోన్ అడిగింది.

"పదమూడు."

"చదువుతోందా?"

"లేదు."

"ఎప్పుడు మానేసింది?"

సార్ నన్నే చూస్తున్నారు. ఆయన చేతిలో ఇంకా ఆ కాగితం ఉంది.

"అది మానెయ్యలేదమ్మ. పోతానని ఏడ్చింది. దాని భుజంమీదికెళ్ళి బ్యాగు గుంజి, చేతిల పిల్లగాన్ని పెట్టి నేను డ్యూటీకొచ్చిన. మాన్పించింది నేనే. దాని నాయినమ్మను, లచ్చవ్వ అని రాసుకో. ఇంటి నంబరు చెప్తున్న, జల్ది పంపున్రి. నా కొడుకు అన్నం తింటున్నడు."