రెండు తీరాల గబ్బిలాలు

లీతియానా యాంటెన్నా పట్టుకుని మా వంటపాక గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె భుజాన వేలాడుతున్న పెట్టె టిక్కుటిక్కుమంటూనే ఉంది. పొయ్యి మీద కొబ్బరిపాలలో గబ్బిలం ఉడుకుతోంది.

"అత్తా, మామ ఎక్కడ?" అంది.

లీతియానా నా భర్త సెతారేకికి మేనకోడలు. రాజధాని సువాలో చదువుకుని, గబ్బిలాల మీద పరిశోధనకని తవేయుని దీవిలోని మా ఊరికి తిరిగి వచ్చింది. రెండు నెలల క్రితం ఏడు పెద్ద గబ్బిలాల మెడలకు సన్నటి పట్టీలు కట్టి వదిలింది. అవి తిరిగిన ప్రతి చోటూ ఆ పట్టీలలో నమోదవుతుంది; పట్టీ దగ్గర్లో ఉంటే ఆమె పెట్టె టిక్కుమంటుంది.

సెతారేకి పెరట్లోంచి వచ్చి, జేబులోని పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మెడ విరిచాకే చూశానమ్మా దీన్ని."

"పొద్దున్నే చెప్పొచ్చుగా మామా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమె చాప మీద కూర్చుని పట్టీని కంప్యూటర్‌కు తగిలించింది. సెతారేకి, "కొండ మీద బోలెడున్నాయిలే. తగ్గినట్టు కనబడితే అవతలి ఒడ్డుకి పోయినట్టు, అంతే" అన్నాడు. మా ఊళ్లో అందరూ అనే మాటే అది.

లీతియానా తెర మా వైపు తిప్పింది. మా కొండ నుంచి ఎర్రగీతలు సముద్రం దాటి ఎదుటి దీవి వనువా లేవు మీదికి వెళ్లి, మళ్లీ మా కొండకే వచ్చాయి.

"నలభై రెండు రాత్రులు మామా. మేత అక్కడ, నిద్ర ఇక్కడ."

గీతలు ఆగినచోటు నాకు తెలుసు. అది మా పుట్టింటి వెనక మామిడితోపు. అక్కడ వల కట్టేది మా అన్న నేమని.

"గబ్బిలాలు తగ్గితే తవేయునికి పోయాయంటాడు మా అన్న" అన్నాను.

సెతారేకి తెర మీది గీత వెంట వేలు పోనిచ్చాడు. "అయితే రెండు ఊళ్లవాళ్లం ఒక్క మందనే తింటున్నామన్నమాట."

ఆ శనివారం పెద్దల దగ్గరికి కానుకగా పట్టుకెళ్లే, దంచి నీళ్లలో కలిపి తాగే యంగోనా వేళ్ల కట్ట తీసుకుని ముగ్గురం పడవ ఎక్కాం. మా అన్న ఆ ఊరి పెద్ద. అందరి ముందూ సెతారేకి మొదట తన తప్పు చెప్పుకుని, తర్వాత సంగతి చెప్పాడు.

"ఇన్నాళ్లూ మా గబ్బిలాల్ని మింగింది నువ్వా బావా!" అన్నాడు అన్న.

"నువ్వేం తక్కువ మింగావా? ఆ పొట్ట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక అన్న లీతియానాను అడిగాడు: "ఏడాదికి ఎన్ని పిల్లల్ని పెడుతుందమ్మా?"

"ఒక్కటే పెదనాన్నా."

అన్న చేతిలోని యంగోనా చిప్ప ఖాళీ చేసి కింద పెట్టాడు. "రెండేళ్లు మేం వల తీసేస్తాం. మీరూ తీయండి."

రెండు ఊళ్లలోనూ వలలు విప్పి ఏడాది గడిచింది. సాయంత్రాలు మంద కొండ దిగేటప్పుడు సెతారేకి కూడా మేనకోడలి పక్కన నిలబడి లెక్కపెడతాడు. మూడొందలు దాటాక లెక్క తప్పుతాడు. పెరిగాయో లేదో ఇప్పుడే చెప్పలేనంటుంది లీతియానా. అయినా ఆయన రోజూ అడుగుతూనే ఉంటాడు.