పడుగు కొస పట్టిన చేయి

హేమంతము సగపాలు గడచిన యొకానొక వేకువను కాలువగట్టుపైనుండి మెల్లమెల్లగ నెగసిన మంచు సాలెపేట యిండ్లకప్పులనెల్ల గప్పి పదిబారల దవ్వున నున్నవారి మొగములు సైతము కానరాకుండ జేయుచుండ ఆ వీథినడుమ కొయ్యకాళ్లపై నీ కొననుండి యా కొనదాక సాగదీయబడిన తెల్లని నిలువుపోగుల పడుగులు మాత్రము ప్రభాతపు మసకవెలుతురున తళతళలాడుచుండెను. పులిసిన గంజివాసన గాలినిండ నలముకొనియుండెను. పడుగుల కిరుప్రక్కల బారులుదీరిన స్త్రీపురుషుల చేతికుంచెలు తడినూలును రాచుకొనుచు పోవు సరసరధ్వని తప్ప అచ్చట వేఱొక చప్పుడు లేదు.

నేతపని యెఱుగని చదువరులకిచట నొక్కమాట చెప్పవలసియున్నది. గంజిపట్టించిన పడుగును ఎండ ముదురకమునుపే కుంచెలతో దువ్వి దువ్వి యార్చవలయును. ఆఱకమున్ను అది నేలబడెనేని పోగు పోగునకంటుకొని యెన్నటికిని విడివడదు. వీథికి కంకర పఱచి గట్టిచేసిన నాటనుండి యా పేటలో గుంజ పాతుటకు వీలులేకపోవుటచే పడుగు కొసత్రాటిని మనుష్యులే నడుమునకు జుట్టుకొని రెండుచేతుల బిగియబట్టి జాముసేపు కదలక మెదలక నిలుచుచుండిరి. కొస పట్టినవారికి ముక్కుపై దోమ వ్రాలినను తోలుకొనుటకు చేయి యుండదు.

అటవీశాఖయందు ముప్పదియేండ్లు రేంజరుపని చేసి విశ్రాంతి గొన్న విరూపాక్షరావుగారు దినదినమును ఆ వీథివెంటనే కాలువగట్టునకు షికారు పోవుచుండిరి. ఆయనకు జవనుడను పేరుగల వేటజాతి కుక్క యొకటి కలదు. సన్నని నడుమును పొడవైన కాళ్లును గల యా శునకరాజము ముందు పరుగిడుచుండ గొలుసును కడియమువలె ముంజేతికి జుట్టుకొని రావుగారు వెనుక నడచుచుందురు. గొలుసు మాట విననివానికే కాని మాట నేర్చినవానికి గాదని యాయన సిద్ధాంతము. జవనుడు పిలిచిన వచ్చుట నిజమే. కాని వాడు వచ్చునది మూడవ పిలుపునకు. మొదటి రెండు పిలుపులును రావుగారి లెక్కలోనికి రావు. వాడు పడుగులక్రింద దూరి యిటు దుమికినను అటు దుమికినను పిల్లలు కెవ్వున నఱచి యరుగులెక్కినను రావుగారి నోట వచ్చుమాట యొక్కటియే.

“ఏమీ చేయడు. బెదరకండి.”

ఆ పేటలో సోమలింగమను నేతగానికి మాణిక్యమ్మయను అక్కగారు కలదు. భర్తను గోలుపోయి తమ్మునింట జేరి యిరువదియేండ్లయ్యెను. చూపు మందగించి మగ్గము విడిచినది మొదలు పడుగు కొస పట్టుట యామె వంతయ్యెను. ఆమె పట్టిన కొస యేనాడును సడలలేదని పేటయంతయు జెప్పుకొనుచుండుటయే తమ్మునింట దినుచున్న కూటికి తగిన గౌరవమని యామె మనస్సులో నెంచుకొని బ్రతుకుచుండెను. జవనుడు ప్రతిదినమును ఆమెకడకు బోయి ముంగాళ్లెత్తి యామె నడుముపై మోపును. ఆమె కన్నులు మూసికొని కొయ్యబొమ్మవలె నిలుచును. అది చూచి రావుగారికి బరమానందము.

“సాలెపేటలో ధైర్యమున్న మనిషి ఆవిడొక్కతే” యని యాయన మిత్రులతో పలుమారు చెప్పిరి.

ఒకనాడు సోమలింగము కుంచె యాపకయే “బాబుగారూ, ఈ వీథి దాటేదాకా కాస్త గొలుసు వేసుకుంటే బాగుంటుందండి” యనెను.

“మీ అక్కగారిని చూడవయ్యా. ఆవిడకు లేని భయం నీకెందుకు?” అని రావుగారు నవ్విరి.

తడిపడుగు ముందుంచుకొని వాదులాడుటకు తీఱికలేక సోమలింగము తలవంచుకొని కుంచె సాగించెను. ఆ మౌనమును రావుగారు అంగీకారముగ గైకొనిరి. అధికారము చెలాయించినవారికి ఎదుటివారి మౌనమెల్ల అంగీకారముగనే తోచును.

పైని వర్ణించిన యా మంచువేకువను సోమలింగము రెండునెలల కష్టమైన పడుగు వీథిలో సాగియుండెను. ఆ పడుగే యింటిల్లిపాదికి రాబోవు వేసవిదాక కూడు. జవనుడు మంచులోనుండి యొక్కయుదుటున వెలువడి మాణిక్యమ్మ నడుముపై కాళ్లు మోపి యెన్నడును లేని ముద్దుతో త్రాడు బిగించియున్న యామె చేతిని తన తడినాలుకతో నాకెను. రావుగారు చిఱునవ్వు నవ్వుచునే యుండిరి. మాణిక్యమ్మ నోట వెలువడిన యార్తనాదము వినినంతనే యా నవ్వు మొగముననే చచ్చెను. ఆమె చేతులు వీడెను. నడుమునుండి త్రాడు జాఱెను. నిడుపాటి పడుగంతయు కొయ్యకాళ్లతో గూడ కంకరపై గూలెను. ఆడుకొనుచున్నామని తలచిన జవనుడు దానిలో జిక్కి తన్నుకొని పుటపుట పోగులు తెంచుకొని బయటబడి దూరముగ నిలిచి తోకయాడించెను.

ఎవ్వరును రావుగారినొక్కమాట యనలేదు. మాణిక్యమ్మ మాత్రము నేలబడిన నూలును ఒడిలోనికి దీసికొనుచు తమ్ముని మొగమువంక చూడజాలక “తప్పయిపోయిందిరా, వదిలేశాను” అని పదేపదే యనుచుండెను. సోమలింగము ఆమెను లేవదీసి యరుగుపై గూర్చుండబెట్టి వచ్చెను. రావుగారు “వాడు కరవలేదు గదయ్యా” యనిరి.

“మా బావనీ పిచ్చికుక్క కరవలేదండి” యని సోమలింగము నెమ్మదిగ జెప్పెను. “పెంచుకున్న కుక్కపిల్లే. చేతిమీద పన్ను గీసుకుంది. ఏమీ చేయలేదులే అని పసుపద్దుకుని మగ్గమెక్కాడు. మూడు నెలలకి మంచినీళ్ల చెంబు చూసి కేకలు పెట్టాడు. ఆఖరుదాకా అక్కే దగ్గరుంది.”

“మరి ఇన్నాళ్లూ కదలకుండా ఎలా నిలబడిందయ్యా?”

“చేతిలో కొస ఉంది కదండీ.”

ఆనాడు రావుగారికి అన్నము సహింపలేదు. తాను మెచ్చుకొనిన ధైర్యమెట్టిదో తాను నవ్వుచు నిలిచిన వేకువలెన్నియో తలచికొన్నకొలది ఆయనకు తలకొట్టివేసినట్లయ్యెను. మఱునాటినుండి జవనుని గొలుసుతో వేఱొకదారిని నడిపింపసాగిరి. స్వేచ్ఛ మరగినవాడు గొలుసు లాగికొనుచు గింజుకొనుచుండ మెడ యొరసికొనునని జాలిపడి పట్టెడను వదులుచేసిరి. మాణిక్యమ్మ కొస పట్టుట మానివేసెనని పనిమనిషివలన దెలిసెను. ఎవ్వరును మానుమనలేదు. తన చేతులను తానే నమ్మజాలకున్నదట.

నెలదినములు గడచినపిదప సోమలింగము అప్పోసప్పో చేసి నూలు దెచ్చి క్రొత్తపడుగు సిద్ధపఱచెనని విని రావుగారు జవనుని యింటిస్తంభమునకు గట్టివేసి సాలెపేటకు బోయిరి.

“కొస నేను పట్టుకుంటానయ్యా” యనిరి.

సోమలింగము ఆయనను నఖశిఖపర్యంతము పరికించెను. కొస పట్టుటకు చేతులు చాలమి నిజము. “పట్టుకుంటే వదలకూడదండి” యనెను.

“వదలను.”

అట్లు అటవీశాఖ విశ్రాంతోద్యోగి విరూపాక్షరావుగారు నడుమునకు త్రాడు జుట్టుకొని కాళ్లు తన్నిపెట్టి కంకరవీథిలో నిలిచిరి. భుజములు లాగెను. అరచేతులు మండెను. అయినను ఆయన మనస్సునకు నెలదినములుగ లేని యూఱట కొంత కలిగెను. ఎదుటియరుగుపై మాణిక్యమ్మ రాట్నముకడ గూర్చుండి కండెలు చుట్టుచు ఆయనవైపు చూడకయే చూచుచుండెను.

ప్రొద్దు బారెడెక్కినపుడు వీథిమొదట పిల్లలు కెవ్వుమనిరి. వదులైన పట్టెడనుండి తల యూడబెఱికికొని జవనుడు యజమానుని వెదకికొనుచు పరుగున వచ్చుచుండెను. రావుగారు త్రాడు వదలకయే కేకవేసిరి.

“జవనా, ఆగు.”

వాడు ఆగలేదు. ఆయనచుట్టు నొక్కమాఱు తిరిగి పరిచితమైన వాసన యేదో పసిగట్టి యరుగువంక దిరిగెను.

“జవనా.”

పడుగుకిరుప్రక్కలనున్న కుంచెలన్నియు నొక్కసారిగ నిలిచెను. వారెల్లరు చూచుచున్నది కుక్కను గాదు, రావుగారి చేతులను. వదలినచో ఆ యింటి యన్నము రెండవమాఱును మట్టిపాలగును. వదలకున్నచో వాడు ఆమెకడకు బోవును. మూడవ పిలుపు వెలువడకమున్నే వాడు అరుగువైపు నడవసాగెను.

మాణిక్యమ్మయు ఆయన చేతులనే చూచుచుండెను. ఆమె చేతులలో నాడు కొస లేదు. ఆమె రాట్నమును ప్రక్కకు ద్రోసి లేచి గోడ బట్టుకొని రెండడుగులు నడచి లోపలికి బోయి తలుపు మూసికొనెను. గడియ పడిన చప్పుడు వీథియంతయు వినబడెను.

జవనుడు ఆ తలుపుపై ముంగాళ్లు మోపి తోకయాడించుచు నిలిచెను. ఎన్నియో వేకువల పలికిన “ఏమీ చేయడు” అను మాట రావుగారి నాలుకచివరకు వచ్చి అచ్చటనే యాగిపోయెను. పడుగాఱుటకు ఇంకను చాల ప్రొద్దు పట్టును.