పొయ్యికో వాటా

సీతారాములుది ఇనుపరాయి గని ఆఫీసులో నెట్టు చూసే పని. సెల్లు సిగ్నలు అందని చోటది; కొండ మీది గనికీ, కింద ఊళ్ళో దవాఖానకీ కలిపి ఒక్కటే సన్నపు నెట్టు లైను. గని కంప్యూటర్లే దాన్ని మింగేస్తున్నాయని నర్సు భద్రమ్మ రోజూ పోట్లాడేది. సరే, తేల్చేస్తానని అతను వరస పెట్టాడు: కంప్యూటరు మిషనుకో వంతు, ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఇగ ఎవరికీ అన్యాయం లేదు సిస్టరమ్మా" అని మీసం కూడా దువ్వుకున్నాడు, చెప్పొద్దూ. గనిలో మిషన్లు నలభై, దవాఖానలో ఒకటి. అంత చదివినవాడికి ఆ మాట తట్టనే లేదు.

మే నెలలో ఓ మధ్యాహ్నం నెలలు నిండిన కోసి అనే కోడలిపిల్లను మంచం మీద మోసుకొచ్చారు. కడుపులో బిడ్డ గుండె తడబడుతోంది. ఆ గుండె గీతల కాయితం జగదల్‌పూర్ పెద్దాసుపత్రి డాక్టరు చూసి ఊ అంటేనే గీదం టౌను నుంచి అంబులెన్సు బండి కదిలేది. భద్రమ్మ దాన్ని ఫోటో తీసి నెట్టులో పంపింది. అప్పుడే గనిలో షిఫ్టు మారి, నలభై మిషన్లూ రిపోర్టులు పంపడం మొదలుపెట్టాయి; ఫోటో వాటి వెనక చిక్కుకుంది.

భద్రమ్మ పంపగా కోసి మామ ముసలయ్య కొండెక్కి వచ్చాడు. "ఒక్క గడియ గనోళ్ళవి ఆపమంటాంది సిస్టరమ్మ, బిడ్డా."

సీతారాములు తెర చూసుకున్నాడు. వరస చక్కగా సాగుతోంది. "ఒకరికి తప్పిస్తే రేపు అందరూ అడుగుతరు పెద్దయ్యా. వంతు వస్తది, జర ఆగు."

వంతు వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. కోసి బతికింది. బిడ్డ బతకలేదు.

పది రోజులకు ఊరి చెరువులో చేపలు పట్టారు. సీతారాములు పుట్టిందీ ఆ ఊళ్ళోనే. మొహం చెల్లకపోయినా వెళ్ళి గట్టున కూర్చున్నాడు. ఊళ్ళో కలిగినవాడు ఎర్రయ్య ఇంటినుంచి పది వలలు దిగాయి, కోసి ఇంటినుంచి ఒక్కటీ లేదు. ముసలయ్య చేపలు కుప్పలు పోశాడు. ఎన్ని వలలు దిగాయని ఎవరూ అడగలేదు. ఎప్పటిలాగే పొయ్యికో వాటా, అంటే ఇంటికొకటి. చిన్నప్పుడు వల లేని తన అమ్మమ్మ కూడా ఇలాగే వాటా తెచ్చి వండేది. ఆ కూర తిని పెరిగినవాడు ఆఫీసులో మాత్రం పొయ్యిలు వదిలేసి వలలు లెక్కపెట్టాడు.

ముసలయ్య చేపలు పోసిన ఓ ఆకు దొన్నె తెచ్చి అతని ముందు పెట్టాడు.

"నాకేంది పెద్దయ్యా?"

"నీ పొయ్యి ఈ ఊరిదే గద."

ఆ సాయంత్రమే ఆఫీసుకెళ్ళి వరస మార్చాడు. గనికి సగం, దవాఖానకు సగం. మార్చడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.