గిరిధర్ తీసుకుపోయిన కంప్రెసర్

గిరిధర్ స్ప్రింగ్ కంప్రెసర్ తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు, అందువల్ల యాదమ్మ చనిపోయింది. ఇందులో వాదనకు ఏమీ లేదు. సూర్యాపేటలో పెంటయ్యను ఎరిగిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. మూడేళ్లుగా పెంటయ్యే చెబుతున్నాడు కాబట్టి తెలుసు.

యాదమ్మ పెంటయ్య భార్య, గిరిధర్ ఆమెకు తమ్ముడు. పెంటయ్య షెడ్డులోనే కార్ల పని నేర్చుకున్నాడు. నేర్చుకుని కోదాడలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పెట్టిన నెలకే వచ్చి, "రెండొద్దులు బావా" అని కంప్రెసర్ పట్టుకుపోయాడు. నాలుగు నెలలు గడిచినా తేలేదు. పెంటయ్య అడగడానికి పోలేదు. తీసుకుపోయినవాడే తెచ్చి ఇవ్వాలి. "వాని పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దు" అని భార్యకు చెప్పాడు. ఆమె ఎత్తలేదు.

కారు ముందు చక్రాల దగ్గర షాకబ్జర్, దాని చుట్టూ పెద్ద స్ప్రింగు, రెండూ కలిసి ఒకే దిమ్మెగా ఉంటాయి. దాని నెత్తి మీది నట్టు విప్పాలంటే ముందు స్ప్రింగును అణచాలి. కంప్రెసర్ అంటే రెండు పొడుగాటి మరల కడ్డీలు, ఒక్కోదానికి రెండేసి కొక్కేలు. వాటిని స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించి, ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు బిగించుకుంటూ పోతే స్ప్రింగు మాట వింటుంది. అది లేకుండా నట్టు విప్పడమంటే తుపాకీ మూతి ముందు కూర్చున్నట్టే. గిరిధర్ పానా పట్టుకోవడం నేర్వకముందే పెంటయ్యకు ఆ సంగతి తెలుసు.

తెలిసీ ఆ రోజు బైండింగు తీగ నాలుగు పేటలు కట్టి విప్పాడు. దసరా అయిన నాలుగో రోజు అది. విజయవాడ పోవలసిన టాక్సీ తొందర పెడుతోంది. తీగ తెగింది. స్ప్రింగు పెంటయ్యను ముట్టలేదు. అతని పక్క నుంచి దూసుకుపోయి, మధ్యాహ్నం బువ్వ తెచ్చి గుమ్మంలో నిలబడ్డ యాదమ్మ కణతకు తగిలింది. నాలుగు రోజులు దవాఖానలో ఉంది. ఐదో రోజు పోయింది.

అప్పటి నుంచి పెంటయ్య ముందు షాకబ్జర్లు ముట్టలేదు. వెనకవి మారుస్తాడు. చాలా కార్లకు వెనక స్ప్రింగు వేరుగా ఉంటుంది, జాకీలూ పానాలూ చాలు. ముందువి వస్తే పనిముట్టు లేదంటాడు. కొత్తది దొరకదా అంటే దొరుకుతుంది. కొంటే గిరిధర్ తప్పు మాఫీ చేసినట్టే.

షెడ్డు గోడకు కంప్రెసర్ తగిలించే మేకు అలాగే ఉంది. యాదమ్మను ఆటోలో వేసుకుపోయిన రోజు, కింద పడ్డ ఆమె సంచిని పక్క చాయ్ హోటల్ రాజ్‌కుమార్ తీశాడు. బువ్వ గిన్నె కడిగి పక్కన పెట్టి, ఆ గాభరాలో ఇంకేముందో విప్పి చూడకుండా, సంచిని ఖాళీగా కనిపించిన ఆ మేకుకు తగిలించాడు. మూడేళ్లుగా అది అక్కడే ఉంది. మసి పట్టి నల్లబడింది. దాని వైపు చూడకుండా పని చేసుకోవడం పెంటయ్యకు అలవాటైంది.

ఈ ఎండాకాలం రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సోమవారానికి షెడ్డు ఖాళీ చేయాలి. గురువారం సాయంత్రం దీవెన టీచర్ కారు తెచ్చింది. ఆమె రోజూ అనంతగిరి బడికి పోయి వస్తుంది.

"గుంతల పడ్డప్పుడల్లా ముందట టకటకమంటున్నది పెంటన్నా."

పెంటయ్య బానెట్ మీద బరువు వేసి నొక్కి వదిలాడు. కారు మూడుసార్లు లేచి పడింది. వంగి చక్రం వెనక చూశాడు. షాకబ్జర్ ఒళ్లంతా నూనె.

"ముందువి రెండూ పోయినయ్ టీచరమ్మా. నేను చెయ్య. పనిముట్టు లేదు. గిరిధర్ తీస్కపోయిండు."

"మూడేండ్ల కింద మా ఆయన వస్తే గూడ ఇదే మాట చెప్పిండ్రు. పోయి అడిగిండ్రా?"

"తీస్కపోయినోడు తేవాలె."

"సోమారం మీ షెడ్డే ఉండదు. ఆయన తెస్తే మాత్రం ఏడ పెడ్తడు?"

రాజ్‌కుమార్ చాయ్ గ్లాసులు కడుగుతూ అందుకున్నాడు. "ఆయన అడగడు టీచర్. అడిగితే ఇచ్చేస్తడేమోనని భయం."

"నీ చాయ్ నువ్ కాసుకో" అన్నాడు పెంటయ్య.

కానీ ఆ మాట కాలిలో విరిగిన ముల్లులా ఉండిపోయింది. "బండి గీడ పెట్టిపోండ్రి" అన్నాడు దీవెనతో.

మర్నాడు పొద్దున్నే గోనెపట్టా పరిచి సామాన్లు వరసగా పెట్టాడు. జాకీ, కింద నిలబెట్టే రెండు స్టాండ్లు. పద్నాలుగు, పదిహేడు, పందొమ్మిది పానాలు. తుప్పు పట్టిన బోల్టుకు తీగల బ్రష్షు, నూనె. బ్రేకు పైపు మీద బరువు పడకుండా కట్టడానికి తాడు. నట్టు తిప్పేటప్పుడు మధ్య కడ్డీ తిరగకుండా పట్టుకునే ఆలెన్ కీ. సుత్తి తీసి మళ్లీ డబ్బాలో పడేశాడు. సుత్తితో మొదలుపెట్టేవాడు పని రానివాడు. పట్టా మధ్యలో రెండు జానల జాగా వదిలాడు.

బస్టాండుకు పోతూ స్పేర్ పార్టుల దుకాణంలో కొత్త కంప్రెసర్ ఒకటి చేత్తో పట్టుకుని చూశాడు. మరలు సన్నం. కొక్కెం జారకుండా ఆపే పిన్ను లేదు.

"మంచిదే పెంటన్నా, మస్తు పోతున్నయ్" అన్నాడు దుకాణం వెంకటేశం.

"ఇది కొక్కెం కాదు, చెవిపోగు. నీ పెండ్లానికి పెట్టు" అని బస్సెక్కాడు.

కోదాడలో గిరిధర్ షెడ్డు హైవే పక్కనే. మేళ్లచెరువు సిమెంటు లారీలు పోతుంటే రేకులు అదురుతున్నాయి. గోడ పక్కన నిలువెత్తు కొత్త మిషన్ ఉంది, కాలితో తొక్కితే స్ప్రింగు అణిగే రకం. బావను చూసి గిరిధర్ లేచి నిలబడ్డాడు. మూడేళ్ల కింద చావు దగ్గర, పాడె ముట్టనివ్వకుండా పెంటయ్య అతన్ని నెట్టేశాడు. మళ్లీ మొహాలు చూసుకోవడం ఇదే.

"కూసో బావా. చాయ్ చెప్తా."

"నా కంప్రెసర్ ఇయ్యి."

గిరిధర్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నాడు.

"అది నా దగ్గర లేదు బావా. అక్క తీస్కపోయింది. దసరా ఇంక రెండొద్దులు ఉందనంగ వచ్చింది. మా పెద్దక్క సత్తెక్క తోడొచ్చింది."

"చచ్చినదాని మీద పెడ్తున్నవారా."

"గందుకే ఇన్నాళ్లు నోరు మూస్కున్న. వచ్చినట్టు నీకు చెప్పొద్దని అక్క ఒట్టేయించుకున్నది." గిరిధర్ గొంతు పెరగలేదు. "నేనేమనుకున్ననో తెలుసా? కంప్రెసర్ ఇంట్ల పెట్టుకొని, బద్ధకానికి తీగ గట్టి మా అక్కను సంపిండు అనుకున్న. మూడేండ్ల సంది గదే అనుకుంటున్న."

పెంటయ్య చెయ్యి లేచింది. ఎక్కడా దిగలేక కాసేపు గాలిలో ఉండి, కిందికి వచ్చింది.

"నమ్మకపోతే మిర్యాలగూడ పోయి సత్తెక్కను అడుగు" అన్నాడు గిరిధర్. "నీ పని ఆగొద్దంటే నాది తీస్కపో, పాతది ఉంది, మంచిది. కానీ బావా, అక్కనే తీస్కపోయిందని తేలితే ఆ మాట నువ్వే చెప్పాలె. నలుగుర్ల చెప్పాలె. నేను చుట్టాలింటికి పోతే సామాను లోపల పెట్టుకుంటున్నరు."

"తేలితే గద" అని పెంటయ్య బయటకు నడిచాడు. గిరిధర్ పనిముట్టు ముట్టలేదు.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సత్యమ్మ యాదమ్మకు అక్క, రైసు మిల్లులో తవుడు ఎత్తే పని. మిల్లు గోడ నీడలో సద్ది విప్పుకుని కూర్చుంది. వెంట్రుకల నిండా తవుడే.

"నా మొఖం చూడనంటివి గద మరిదీ. ఇయ్యాల పొద్దు ఎటు పొడిసింది?"

"గిరిధర్ ఒక మాట అన్నడు వదినా. కంప్రెసర్ యాదమ్మ తీస్కపోయిందంట."

"అవ్" అంది సత్యమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "నేను ఎంబడున్న. గంత బరువు ఇనుము, ఇద్దరం చెరో దిక్కు సంచి పట్టుకొని బస్సెక్కినం. కండక్టరు ఏంది అమ్మా ఇది అంటే, మా ఆయన పాణం అన్నది. నవ్వింది."

పెంటయ్య నిలబడే ఉన్నాడు.

"ఆయుధపూజకు మన ఇనుము మన ఇంట్ల ఉండాలె, ఒక్క సామానన్న బయట ఉంటే ఏడాదంత అరిష్టం అన్నది. నువ్వు షెడ్డుల పూజ చేసుకుంటవు గదా, అది ఇంట్ల దేవుని పటాల వెనక పెట్టి బొట్టు పెట్టింది. దసరా అయినంక మూడొద్దులు కదలియ్యొద్దన్నది. నాలుగోనాడు నీకు బువ్వ తెచ్చేటప్పుడు సంచిల ఏస్కచ్చి సప్పుడుగాక మేకుకు తగిలిస్తనన్నది. ఆయన చూసి, గిది గీడనే ఉండెనా అనుకుంటడు అక్కా, గంతే అన్నది."

"నాకెందుకు చెప్పలే?"

సత్యమ్మ చెయ్యి ఆగింది. "ఎట్ల జెప్తది? తమ్ముని పేరెత్తొద్దంటివి. పేరెత్తకుంట వానింటికి పోయిన అని ఎట్ల జెప్తది, నువ్వే జెప్పు."

మిల్లు లోపల యంత్రం ఆగకుండా తిరుగుతోంది.

"మరి నువ్వన్న చెప్పకపోతివి వదినా."

"పదకొండో దినం నాడు చెప్పుదామనే వస్తిని. గిరిధర్ దిక్కు మాట్లాడనీకి వచ్చినవా అని నా మొఖాన తలుపేస్తివి. తలుపుకు చెప్పమంటవా?" గిన్నె మూత పెట్టింది. "తిన్నవా?"

తినలేదు. తిన్నానని చెప్పి బస్టాండుకు పోయాడు.

నాలుగోనాడు. బువ్వ తెచ్చేటప్పుడు. సంచిలో. సూర్యాపేట దాకా ఈ మూడు మాటలే బస్సుతో పాటు ఊగాయి. ఇంటి దగ్గర దిగలేదు. నేరుగా షెడ్డుకు వచ్చాడు. ఇంకా వెలుతురు ఉంది. దీవెన కారు అలాగే ఉంది. పట్టా మీద రెండు జానల జాగా అలాగే ఉంది.

మేకుకు ఉన్న సంచిని దింపాడు. చెయ్యి కిందికి గుంజుకుపోయింది. అంత బరువు.

లోపల యాదమ్మ పాత చీర ముక్క. విప్పితే రెండు కడ్డీలు, నాలుగు కొక్కేలు. ఒక్కో కొక్కెం మీద పసుపు ఎండి పగిలింది. కుంకుమ నల్లబడింది. మరల పొడుగునా గ్రీజు ఉంది, పల్చగా, వేలితో రాసినట్టు. మరలకు గ్రీజు లేకపోతే పట్టేస్తాయని ఎప్పుడో అతనే చెప్పాడు. వేరే ఎవరికో చెబుతుంటే ఆమె విన్నట్టుంది.

గుమ్మం నుంచి మేకు దాకా కొలిచాడు. పది అడుగులు. తీగ తెగే వేళకు పనిముట్టు షెడ్డులోకి వచ్చే ఉంది. తల తిప్పి ఒక్కసారి "ఏం తెచ్చినవ్" అని అడిగి ఉంటే సరిపోయేది. అడిగే అలవాటు అతనికి లేదు.

ఏడవలేదు. కంప్రెసర్‌ను పట్టా మీద వదిలిన జాగాలో పెట్టి, తాళం వేసి ఇంటికి పోయాడు.

శనివారం పొద్దున వెంకటేశం దుకాణం నుంచి కొత్త షాకబ్జర్లు తెచ్చి పని మొదలుపెట్టాడు. కారును స్టాండ్ల మీద నిలిపాడు. చక్రం తీశాడు, బ్రేకును తాడుతో కట్టాడు, కింది రెండు బోల్టులు, పైన మూడు నట్లు విప్పి దిమ్మెను బయటకు తీశాడు. కొక్కేలు ఎదురెదురుగా వేసి పిన్నులు తోశాడు. ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు. పసుపు పొడి రాలి వేళ్లకు అంటుకుంది. స్ప్రింగు చప్పుడు లేకుండా దగ్గరికి వచ్చింది. పై నట్టు ఆలెన్ కీ పట్టి విప్పితే, మూత ఊడినంత తేలికగా వచ్చింది. సరైన పనిముట్టు ఉంటే ఇది అరగంట పని.

రాజ్‌కుమార్ చాయ్ తెచ్చి చూశాడు.

"ఆఖరికి ఇచ్చిండన్నట్టు దొంగ కొడుకు."

పెంటయ్య చాయ్ అందుకున్నాడు. తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు. రాజ్‌కుమార్ హోటల్‌కు పోయి బల్ల మీద కూర్చున్న నలుగురికీ చెప్పాడు. మూడేళ్లు దాచుకుని, షెడ్డు కూలిపోయే ముందు సిగ్గుపడి ఇచ్చినవాడుగా గిరిధర్ అక్కడే ఖాయమయ్యాడు. పెంటయ్యకు అన్నీ వినిపించాయి.

కొత్త షాకబ్జర్ ఎక్కించి, రెండో వైపు కూడా పూర్తి చేసి, కారు కిందికి దించి, బరువు నేల మీద పడ్డాక ఆఖరి బోల్టులు బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి నెలలో చిరుగుతుంది. దీవెన వచ్చి బండి నడిపి చూసుకుంది.

"సప్పుడు పోయింది పెంటన్నా. ఎంత మంచిగ చేసిండ్రు. ఇన్నేండ్లు ఉత్తగనే ఆపుకున్నరు."

అప్పుడే ఫోను మోగింది. గిరిధర్.

"దొరికిందా బావా?"

"దొరికింది."

"అక్క తెచ్చిందే గద?"

"అవ్."

అవతల గట్టిగా ఊపిరి తీసుకున్న చప్పుడు. "అయితే చెప్పు బావా. గా హోటల్ కాడనే చెప్పు. ఒక్క మాట. నాకు గంతే చాలు."

పెంటయ్య హోటల్ వైపు చూశాడు. నలుగురూ అక్కడే ఉన్నారు. పది అడుగుల దూరం. యాదమ్మ తెచ్చింది అంటే మరెందుకు దాచింది అంటారు. ఎందుకు దాచిందో చెప్పాలి. గిరిధర్ అడిగింది ఒక్క మాటే. దాని వెనక వచ్చేది పెంటయ్య నోటికి పట్టదు.

"బావా?"

"ఇను" అన్నాడు పెంటయ్య. "ఈ ముచ్చట ఇగ ఎత్తకు. నాకు ఫోను చెయ్యకు. నువ్వెత్తొద్దు, నేనెత్త. సచ్చేదాంక ఎత్త."